‘పూర్తిగా ప్రాక్టికల్’ అంటే ఏమిటి? ఫైనాన్షియల్ అనాలిసిస్ నేర్పే పద్ధతులు, వాటి మధ్య పేచీలు

గుంటూరు బ్రాడీపేటలో చూసినా, విజయవాడ గవర్నర్‌పేటలో చూసినా కామర్స్ కోచింగ్ బోర్డుల మీద ‘ప్రాక్టికల్’ అనే మాట లేకుండా ఉండటం లేదు. ఫైనాన్షియల్ మోడలింగ్, వాల్యుయేషన్, క్రెడిట్ అనాలిసిస్... కోర్సు ఏదైనా సరే ‘పూర్తిగా ప్రాక్టికల్’. ఫీజు కట్టేవాళ్లలో సీఏ ఇంటర్ గట్టెక్కినవాళ్లున్నారు, బీకాం అయ్యాక ఆడిటర్ ఆఫీసులో కుదురుకున్నవాళ్లున్నారు, బ్యాంకులో కౌంటర్ పని నుంచి లోన్ల సెక్షన్‌కి మారిన ఆఫీసర్లున్నారు. చేరేముందు అందరినీ తొలిచే సందేహం ఒకటే. ఎక్సెల్ నేర్పితే ప్రాక్టికల్ అయినట్టా? నిజం కంపెనీ బ్యాలెన్స్ షీటు తెచ్చి చదివిస్తే అయినట్టా? లేక ఎవరి ఆఫీసులోనో కూర్చోబెట్టి పని చేయించాలా?

ఇవి మూడు వేర్వేరు పద్ధతులు. ఒకటి నేర్పేది ఇంకోటి నేర్పదు. ఏది దేనికి పనికొస్తుందో తెలియాలంటే ముందు నేర్పాల్సిన విద్య ఏమిటో చూడాలి.

లెక్క రాయడం వేరు, లెక్క చూసి చెప్పడం వేరు

జరిగిన లావాదేవీని సరైన పద్దులో రాయడం అకౌంటింగ్. రాసి ఉన్నదాన్ని బట్టి ఇకముందు ఏం జరగొచ్చో, ఇప్పుడు ఏం చేస్తే మంచిదో చెప్పడం అనాలిసిస్. మొదటిదానికి చాలావరకు ఒకే సరైన జవాబు ఉంటుంది. రెండోదానికి ఉండదు. ఒకే బ్యాలెన్స్ షీటు చూసి ఒక మేనేజరు లోన్ ఇద్దామంటాడు, పక్క బ్రాంచి మేనేజరు వద్దంటాడు. ఇద్దరి దగ్గరా సరైన కారణాలే ఉండొచ్చు. జవాబు పత్రం లేని సబ్జెక్టును నేర్పడం ఎలా, నేర్చుకున్నారని తేల్చడం ఎలా అన్నదే ఇక్కడ మొత్తం చిక్కు.

సూత్రం తెలియడానికీ, దాని వెనక ఏముందో తెలియడానికీ మధ్య ఎంత దూరం ఉందో చూపే చిన్న ఉదాహరణ ఉంది. కరెంట్ రేషియో అంటే ఏడాదిలోపు చేతికొచ్చే ఆస్తుల్ని ఏడాదిలోపు తీర్చాల్సిన అప్పులతో భాగించగా వచ్చేది. అది 1.33 ఉండాలని బ్యాంకు పరీక్షలు రాసినవాళ్లు నిద్రలో లేపినా చెబుతారు. ఎందుకు 1.33? బ్యాంకు అప్పుల మీద రిజర్వు బ్యాంకు వేసిన 1975 నాటి టాండన్ కమిటీ రెండో పద్ధతి ప్రకారం కరెంట్ ఆస్తుల్లో నాలుగోవంతు వ్యాపారి తన దీర్ఘకాలిక నిధుల నుంచి తెచ్చుకోవాలి, దాన్నే మార్జిన్ అంటారు. వంద రూపాయల ఆస్తిలో 25 అలా పోతే, మిగతా 75 బ్యాంకు అప్పు, సరుకిచ్చినవాళ్ల బాకీ కలిపి. వందను 75తో భాగిస్తే 1.33. అంకె అక్కడి నుంచి వచ్చింది. అది తెలిసినవాడు 1.25 రాగానే ఫైలు పక్కన పడేయడు, ఆ వ్యాపారి మార్జిన్ ఎక్కడ తగ్గిందో వెతుకుతాడు.

మిర్చి స్టాకు మీద ఒక లెక్క

గుంటూరులో ఒక ఊహా మిర్చి వ్యాపారిని తీసుకుందాం. ఏడాది అమ్మకాలు 30 కోట్లు. అమ్మిన సరుకు ఖరీదు 28 కోట్లు. కిందటి మార్చి 31న స్టాకు 10 కోట్లు, ఈ మార్చి 31న 14 కోట్లు. సగటు 12 కోట్లు. దాన్ని 28తో భాగించి 365తో గుణిస్తే 156 రోజులు. అంటే సరుకు సగటున ఐదు నెలలకు పైగా గోడౌనులో కూర్చుంటోంది. క్లాసులో మాత్రమే నేర్చుకున్న కుర్రాడు వెంటనే ‘స్టాకు కదలడం లేదు, రిస్కు ఎక్కువ’ అని రాస్తాడు. బీసెంట్ రోడ్డులో బట్టల షాపు అయితే ఆ మాట సరిపోయేదే.

మిర్చికి సరిపోదు. కొత్త పంట టిక్కీలు (మిర్చి బస్తాలు) మార్కెట్ యార్డుకు జోరుగా దిగేది సంక్రాంతి తర్వాత. మార్చి, ఏప్రిల్ నాటికి కోల్డ్ స్టోరేజీలు నిండుతాయి. సీజనులో కొని, చల్లగా దాచి, ఏడాది పొడవునా అమ్ముకోవడమే ఆ వ్యాపారం. ఖాతాలు ముగించే మార్చి 31 సరిగ్గా స్టాకు నిండుగా ఉండే రోజుల్లో పడుతుంది. అదే వ్యాపారి బ్యాంకుకిచ్చిన నెలవారీ స్టాకు స్టేట్‌మెంట్లు పన్నెండూ ముందేసుకుని సగటు తీస్తే 7 కోట్లు వచ్చిందనుకుందాం. అప్పుడు లెక్క 91 రోజులు. వ్యాపారం మారలేదు, సగటు తీసిన తీరు మారింది.

ఊరి సంగతులు తెలిసినవాళ్లు ఇక్కడికి రాగానే ‘స్టాకు బాగానే ఉంది’ అని ఫైలు మూసేస్తారు. అదీ తొందరపాటే.

ఆ 14 కోట్లు 7,000 క్వింటాళ్లు, క్వింటాలు 20,000 రూపాయల చొప్పున కొన్నది. బ్యాంకు 30 శాతం మార్జిన్ పెట్టుకుని 9.8 కోట్లు ఇచ్చింది. స్టాకు విలువలోంచి మార్జిన్ తీసేయగా మిగిలేదాన్ని డ్రాయింగ్ పవర్ అంటారు, ఖాతాలో అంతవరకే వాడుకోనిస్తారు. ధర 16,000కి పడితే స్టాకు విలువ 11.2 కోట్లు, డ్రాయింగ్ పవర్ 7.84 కోట్లు. వ్యాపారి 1.96 కోట్లు ఎక్కడి నుంచైనా తెచ్చి కట్టాలి. ధర 12,000 అయితే మొత్తం స్టాకు విలువే 8.4 కోట్లు. సరుకంతా అమ్మినా 9.8 కోట్ల అప్పు తీరదు.

అంత పతనం ఊహకు మాత్రమే పరిమితం అనుకోడానికి లేదు. 2025 ఫిబ్రవరిలో ధరలు కుప్పకూలినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద ఆంధ్రప్రదేశ్ మిర్చికి ప్రకటించిన ధర క్వింటాలుకు 11,781 రూపాయలు. అయినా ‘బాగా చెడిపోతే ఎంత పడుతుంది?’ అని అడిగితే ఎక్సెల్ షీటులో కనిపించే జవాబు తరచూ పది శాతమే. సాఫ్ట్‌వేరు అడిగిన గడిలో ఏదో ఒకటి నింపాలి కాబట్టి నింపిన పది అది.

ఈ ఒక్క లెక్కలో మూడు మెట్లున్నాయి. భాగహారం మొదటిది, దాన్ని క్లాసులోనే నేర్పేస్తారు. మార్చి 31 అర్థం యార్డు తెలిస్తే వస్తుంది. మూడోది, అంటే ఎంత చెడు ఊహించుకోవాలో తేల్చుకోవడం, రేషియోలు బట్టీపట్టినా రాదు, యార్డులో పెరిగినా రాదు. శిక్షణ పద్ధతుల మీద వాదనంతా ఈ మూడో మెట్టు ఎక్కించడం గురించే.

ముందు చేసి చూపాలా, ముందు తంటాలు పడనివ్వాలా?

బోధన మీద పరిశోధన చేసేవాళ్లలోనే ఇక్కడ రెండు వర్గాలున్నాయి.

ఆస్ట్రేలియా పరిశోధకుడు జాన్ స్వెల్లర్ 1985లో గ్రాహమ్ కూపర్‌తో కలిసి బీజగణితం మీద చేసిన ప్రయోగాలు ఒక వర్గానికి పునాది. కొత్తవాళ్లకు లెక్కలు ఇచ్చి చేయమనడం కంటే, పూర్తిగా చేసి చూపిన లెక్కల్ని చదివిస్తే బాగా నేర్చుకున్నారని తేలింది. మనసులో ఒకేసారి పట్టుకోగలిగినవి కొన్నే. కొత్తవాడు దారి వెతుక్కోవడంలోనే ఆ శక్తి ఖర్చు చేసేస్తే నేర్చుకోడానికి ఏం మిగలదని వీళ్ల వాదన. 2006లో పాల్ కిర్ష్‌నర్, స్వెల్లర్, రిచర్డ్ క్లార్క్ ఇంకా గట్టిగా రాశారు: పెద్దగా దారి చూపకుండా ‘మీరే కనుక్కోండి’ అనే పద్ధతి కొత్తవాళ్ల విషయంలో పనిచేయదు.

రెండో వర్గం సింగపూర్‌లో పనిచేసిన మను కపూర్ వైపు నిలబడుతుంది. సూత్రం చెప్పకముందే సమస్య ఇచ్చి, తడబడనిచ్చి, ఆ తర్వాత పాఠం చెబితే విషయం లోతుగా నాటుకుంటుందని ఆయన 2008 నుంచి ప్రచురించిన పరిశోధనలు చెబుతున్నాయి. మిర్చి లెక్కనే తీసుకోండి. సీజను సంగతి ముందే చెప్పేస్తే విద్యార్థి తల ఊపి రాసుకుంటాడు. 156 రోజులు అని తానే రాసి, లోన్ వద్దని సంతకం పెట్టాక నెలవారీ స్టేట్‌మెంట్లు చూపిస్తే, మళ్లీ ఎప్పుడు మార్చి 31 అంకె కనిపించినా చెయ్యి ఆగుతుంది.

పైకి కనిపించేంత దూరం వీళ్ల మధ్య లేదు. కపూర్ కూడా పాఠం అక్కర్లేదనలేదు, వెనక్కి జరిపాడు అంతే. తడబడటానికైనా కొంత ముందస్తు జ్ఞానం కావాలని ఒప్పుకుంటాడు. స్వెల్లర్ వర్గంవాళ్లే ఇంకో సంగతి బయటపెట్టారు: కొత్తవాడికి ఉపకరించిన చేసి చూపిన లెక్క, అనుభవం ఉన్నవాడికి అడ్డం పడుతుంది. తెలిసినదాన్నే మళ్లీ చదవాల్సి రావడం వాడికి భారం.

చిక్కల్లా మన బ్యాచ్‌లతో. పదేళ్లు బ్యాంకులో చేసిన ఆఫీసరు, నిన్నగాక మొన్న బీకాం పూర్తిచేసిన అమ్మాయి ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఆమెకు డీఎస్‌సీఆర్ అంటే అప్పు వాయిదాలు కట్టడానికి చాలినంత నగదు వస్తోందా అని చూసే రేషియో అని మొదటి నుంచీ చెప్పాలి. ఆయనకు అది చెబుతుంటే ఫోన్ తీస్తాడు. ఇద్దరికీ సరిపడే సర్దుబాటు ఒకటుంది. మొదటి ఫైలు పూర్తిగా చేసి ఇస్తారు. రెండో ఫైలులో చివరి మెట్టు, అంటే సిఫారసు ఖాళీగా ఉంచుతారు. మూడోదాంట్లో సిఫారసుతోపాటు అంచనాలూ ఖాళీ. చివరికి ముడి కాగితాలు మాత్రమే. అనుభవజ్ఞుడు మూడోదాంతో మొదలుపెట్టొచ్చు.

ఖాళీ షీటు నుంచి మోడల్ కట్టించడం

కోర్సుల ప్రకటనల్లో ఎక్కువగా వినిపించేది ఇదే. లాభనష్టాల ఖాతా, బ్యాలెన్స్ షీటు, క్యాష్ ఫ్లో మూడింటినీ ఒకదానికొకటి ముడిపెట్టి, ఒక అంచనా మారిస్తే మూడూ కదిలేలా కట్టడమే మోడలింగ్. ఫైనాన్షియల్ అనలిస్టులకు అంతర్జాతీయ పరీక్షలు పెట్టే సీఎఫ్‌ఏ ఇన్‌స్టిట్యూట్ 2024 నుంచి తన పరీక్షలకు జతచేసిన ప్రాక్టికల్ స్కిల్స్ మాడ్యూళ్లలో ఫైనాన్షియల్ మోడలింగ్ ఒకటి.

దీని బలం నిజమైనదే. లాభం వేరు, నగదు వేరు అని వందసార్లు చెప్పినా ఎక్కనిది, పది లక్షల సరుకు అరువు మీద అమ్మి, రెండు లక్షల లాభం చూపించి, బ్యాంకు ఖాతాలో పైసా పెరగని షీటును స్వయంగా కట్టినప్పుడు ఎక్కుతుంది. బ్యాలెన్స్ షీటు రెండువైపులా టాలీ కానప్పుడు తేడాను ‘ఇతరములు’లో తోసేసే అలవాటు కూడా ఇక్కడే బయటపడుతుంది, ఇక్కడే మాన్పించొచ్చు.

షీటు తప్పులు చిన్నవాళ్లే చేస్తారనుకోవద్దు. ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ 2010లో ప్రచురించిన పరిశోధనలో ప్రభుత్వ అప్పు జీడీపీలో 90 శాతం దాటితే వృద్ధి సగటున మైనస్ 0.1 శాతమని ఉంది. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి క్లాసు హోంవర్కులో భాగంగా ఆ లెక్కను తిరగేస్తుంటే, సగటు తీసే ఫార్ములాలో ఐదు దేశాల వరసలు వదిలేసిన సంగతి దొరికింది. దాంతోపాటు డేటా ఎంపికలో, దేశాలకిచ్చిన ప్రాధాన్యంలో తన బృందం పట్టుకున్న లోపాలు కూడా సరిచేస్తే అంకె 2.2 శాతం అయింది. ఫార్ములా తప్పు ఒక్కటే ఇంత తేడా తేలేదన్నది కూడా విద్యార్థికి చెప్పాల్సిన మాట. 2012లో జేపీ మోర్గాన్ లండన్ ఆఫీసులో 600 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చినప్పుడు, రిస్కును కొలిచే షీటులో సగటుతో భాగించాల్సిన చోట మొత్తంతో భాగించారని బ్యాంకు సొంత విచారణలోనే తేలింది.

అందుకే కొందరు శిక్షకులు కట్టించడంతోపాటు కావాలని తప్పులు దాచిన షీట్లు ఇచ్చి వెతికించే పని పెడతారు. నా దృష్టిలో ఉద్యోగానికి ఇదే ఎక్కువ దగ్గర. ఆఫీసులో ఖాళీ షీటుతో మొదలుపెట్టే రోజులు తక్కువ. ఎవరో కట్టి వదిలేసిన షీటును నమ్మాలా వద్దా అనే రోజులే ఎక్కువ.

మోడలింగ్ పట్టుకోలేని తప్పు ఒకటుంది, దాన్ని ఏ ఫార్ములా తనిఖీ కూడా పట్టుకోదు. చిన్న యూనిట్లకు వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ వ్యాపారం నడపడానికి కావాల్సిన డబ్బు) ఇచ్చేటప్పుడు, రిజర్వు బ్యాంకు వేసిన నాయక్ కమిటీ పద్ధతి ప్రకారం వచ్చే ఏడాది అంచనా అమ్మకాల్లో కనీసం 20 శాతం బ్యాంకు లిమిట్ (అప్పు పరిమితి), 5 శాతం వ్యాపారి మార్జిన్. ఆటోనగర్‌లో లారీ బాడీ బిల్డింగ్ షెడ్డు యజమానికి 80 లక్షల లిమిట్ కావాలి. అంచనా అమ్మకాలు 4 కోట్లు చూపించాలి. ఆడిటర్ ఆఫీసులో సీఎంఏ డేటా (లోన్ కోసం బ్యాంకుకిచ్చే అంచనా లెక్కలు) ఆ 4 కోట్ల నుంచి వెనక్కి తయారవుతుంది. షీటు టాలీ అవుతుంది, రేషియోలు అందంగా వస్తాయి, లింకులన్నీ సరిగ్గానే ఉంటాయి. ఈ సంగతి లైనులో ఉన్న ఎవరికీ కొత్త కాదు, సిలబస్‌లో మాత్రం ఉండదు.

దీన్ని నేర్పడానికి ఒక మంచి అభ్యాసం: పూర్తయిన సీఎంఏ డేటా చేతికిచ్చి ‘ఇందులో ఏ అంకెను ముందుగా నిర్ణయించుకుని మిగతావి అల్లారు?’ అని అడగడం. జీఎస్టీ రిటర్నుల్లో అమ్మకాలు రెండున్నర కోట్లు, కరెంటు బిల్లు కిందటేడు ఎంతో ఇప్పుడూ అంతే, షెడ్డులో ఒకేసారి పట్టే లారీలు ఇన్నే అని పక్కపక్కన పెట్టేసరికి 4 కోట్లు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిపోతుంది.

కేస్ స్టడీ: ముగింపు తెలిసిన కథ

నిజంగా జరిగిన వ్యవహారాన్ని ముందుపెట్టి చర్చించే పద్ధతిని 1870లో హార్వర్డ్ లా స్కూల్లో క్రిస్టఫర్ లాంగ్‌డెల్ న్యాయవిద్య కోసం మొదలుపెట్టాడు. 1908లో పుట్టిన హార్వర్డ్ బిజినెస్ స్కూలు దాన్ని వ్యాపార విద్యలోకి తెచ్చింది. తెలుగువాళ్లకు ఫైనాన్స్ కేస్ అనగానే గుర్తొచ్చేది సత్యం కంప్యూటర్స్.

2009 జనవరి 7న కంపెనీ చైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ ప్రకారం 2008 సెప్టెంబర్ 30 నాటికి పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు లేనే లేవు. ఆ త్రైమాసికంలో చూపిన ఆదాయం 2,700 కోట్లు, అసలు 2,112 కోట్లు. చూపిన నిర్వహణ లాభం 649 కోట్లు, అంటే 24 శాతం. అసలుది 61 కోట్లు, 3 శాతం.

క్లాసులో ఈ అంకెలు బోర్డు మీద రాయగానే ప్రతి ఒక్కరూ గొప్ప అనలిస్టు అయిపోతారు. ‘అంత నగదు పెట్టుకుని ఎందుకు ఊరుకున్నారు, అప్పుడే అనుమానం రావాలి కదా’ అంటారు. కానీ 2008 సెప్టెంబర్లో ఆ కంపెనీకి కార్పొరేట్ గవర్నెన్స్ అవార్డు వచ్చింది, పెద్ద ఆడిట్ సంస్థ సంతకం ఉంది, దండిగా నగదున్న సాఫ్ట్‌వేరు కంపెనీలు అప్పట్లో వింత కాదు. ముగింపు తెలిశాక దారంతా సూటిగా కనిపించడం మనిషి స్వభావం. కేస్ పద్ధతి మీద ఉన్న ప్రధాన విమర్శ ఇదే, అందులో పస ఉంది.

సమర్థించేవాళ్ల జవాబు: కాగితాలు ఎక్కడ ఆపి ఇస్తామన్నదాన్ని బట్టి ఉంటుంది. 2008 డిసెంబర్ 16న రాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను కొంటామని సత్యం ప్రకటించి, కొన్ని గంటల్లోనే వెనక్కి తగ్గింది. దానికి ముందురోజు వరకు ఉన్న కాగితాలే ఇచ్చి, కంపెనీ పేరు తీసేసి, అంకెలను ఒకే నిష్పత్తిలో మార్చి, వాటితో అలాంటి ప్రొఫైల్ ఉన్న నిజాయితీ కంపెనీలు రెండు కలిపి, ‘మూడింటిలో దేని షేర్లు అమ్మేస్తారు?’ అని అడగాలి. అప్పుడు చర్చ వేరేగా నడుస్తుంది. మంచి కంపెనీని దొంగ అని తేల్చినవాళ్లు కూడా లేస్తారు. అనలిస్టు ఉద్యోగంలో ఆ తప్పుకీ ఖరీదుంటుంది, కేవలం కుంభకోణాల కేసులతో నేర్పితే అది ఎప్పటికీ తెలియదు.

ఆఫీసులో కూర్చుని నేర్చుకోవడం

సీఏ చదువులో ఆర్టికల్‌షిప్, అంటే ఆడిటర్ దగ్గర పనిచేస్తూ నేర్చుకునే కాలం, 2023 జూలై నుంచి వచ్చిన కొత్త విధానంలో మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. నేర్చుకునే కాలం కోసేశారని ఒకవైపు, వోచర్లు టిక్ కొట్టే ఏడాది తగ్గితే నష్టమేంటని ఇంకోవైపు వాదించుకుంటున్నారు. అభ్యాసం మీద ఆండర్స్ ఎరిక్సన్ 1993లో చెప్పింది రెండో వాదానికి కొంత బలమిస్తుంది: ఎన్ని గంటలు చేశారన్నది కాక, చేతకానిదాన్ని ఎంచుకుని, వెంటనే దిద్దేవాళ్లు పక్కనుండగా చేశారా అన్నదాన్ని బట్టి నైపుణ్యం పెరుగుతుంది. అయితే క్లయింటు ముఖం చూసి ఏ ప్రశ్న దగ్గర తడబడ్డాడో పసిగట్టడం ఏ క్లాసులోనూ రాదు. ప్రిన్సిపల్ (పని నేర్పే సీఏ) తీరిక ఉన్నవాడైతే రెండేళ్లు చాలు, లేకపోతే ఐదేళ్లూ చాలవు.

వచ్చిందని ఎలా తేల్చాలి?

జవాబు పత్రం లేదని మొదట్లోనే అనుకున్నాం. అలాగని కొలవలేమని కాదు. వాతావరణ అంచనాలను కొలవడానికి గ్లెన్ బ్రయర్ 1950లో ఒక పద్ధతి ఇచ్చాడు: ఎంత నమ్మకంతో చెప్పారో, తర్వాత ఏం జరిగిందో పక్కపక్కన పెట్టి తేడాకు మార్కు వేయడం. అదే స్ఫూర్తితో శిక్షణలో ఒక అంకె బదులు పరిధి అడుగుతారు. ‘మూడు నెలల తర్వాత గుంటూరు యార్డులో తేజ రకం ధర ఎంతకీ ఎంతకీ మధ్య ఉంటుంది? పదింట తొమ్మిదిసార్లు సరైపోయేంత వెడల్పుగా రాయండి.’ ఇలాంటివి ఇరవై రాయిస్తే పద్దెనిమిది పరిధిలో పడాలి. చాలామందికి అన్ని పడవు, ఎందుకంటే పరిధులు మరీ ఇరుగ్గా రాస్తారు. ఇలా తప్పిన పరిధుల లెక్క చేతికొచ్చినవాడికి, మిర్చి ధర పది శాతం మించి పడదని రాయాలంటే జంకు పుడుతుంది.

దీన్ని కాదనేవాళ్లూ ఉన్నారు. ధర అంచనా తప్పినంత మాత్రాన విశ్లేషణ తప్పని కాదు, సరైనంత మాత్రాన ఒప్పనీ కాదు, అదృష్టం కలుస్తుంది. అందుకే వాళ్లు అంకెలు పక్కనపెట్టి, లోన్ ఇవ్వొచ్చా లేదా అని చెప్పే ఒక పేజీ క్రెడిట్ నోట్ రాయించి, ఉత్తుత్తి లోన్ కమిటీ ముందు నిలబెట్టి ప్రశ్నలు వేయిస్తారు. ఇప్పుడు ఏఐ టూల్స్ రేషియోలతో సహా నోట్ మొత్తం నిమిషంలో రాసిచ్చేస్తుంటే రాసిన కాగితం మీద మార్కులకు విలువ తగ్గి, ఈ నోటి ప్రశ్నలకు గిరాకీ పెరుగుతోంది. మార్చి 31 స్టాకే ఎందుకు వాడావని కమిటీలో ఒకరు అడిగితే టూల్ పక్కన ఉండదు.

ఇంత తెలిసీ బోర్డు మీద ‘ప్రాక్టికల్’ అని ఉన్నచోట ఎక్కువగా ఎక్సెల్ వీడియోలే ఎందుకు దొరుకుతాయి? అరవైమంది బ్యాచ్‌లో ఒక్కొక్కరి నోట్ చదివి, ప్రశ్నించి, దిద్దడానికి ఇరవై నిమిషాలు పడుతుందనుకుంటే ఒక్క అసైన్‌మెంటుకే శిక్షకుడికి ఇరవై గంటలు. పది అసైన్‌మెంట్లకు రెండు వందల గంటలు. లోన్లు మంజూరు చేసిన అనుభవం ఉన్న మనిషి గంటకు ఎంత అడుగుతాడో దాంతో గుణిస్తే వచ్చే మొత్తం, ఆ అరవైమంది కట్టే ఫీజులో ఇమడాలి. వీడియో అయితే ఒకసారి రికార్డు చేస్తే చాలు.